గోదాలో వెలుగు: కలకత్తా మల్లుల ఫొటోలు చెప్పే చరిత్ర

విద్యార్థులారా! పాతకాలపు పహిల్వాన్ ఫొటో ఒకదాన్ని గుర్తు తెచ్చుకోండి. లంగోటా బిగించి, ఛాతీ విరుచుకుని, చేతులు కట్టుకునో గద భుజాన పెట్టుకునో నిలబడి ఉంటాడు. వెనక స్టూడియో తెర వేలాడుతూ ఉంటుంది. మనిషి కాదు, రాతి విగ్రహం అనిపిస్తాడు. కానీ కుస్తీ అంటే నిలబడడం కాదు కదా! పట్టు పట్టడం, పట్టు విడిపించుకోవడం, ఎదుటివాణ్ణి ఎత్తి మట్టి కరిపించడం. అదంతా ఫొటోల్లో ఏమైపోయింది?

ఆ కాలపు మల్లులకు నిలబడి ఫొటో దిగడమే మర్యాదగా తోచిందని కొందరంటారు. అందులో కొంత నిజముంది. అయితే ఆ మల్లులు ఎలా నిలబడాలో చాలావరకు నిర్ణయించింది మర్యాద కాదు, వెలుగు. వెలుగు చాలని చోట కదిలే చేతిని ఫొటో తీయడం సాధ్యం కాదు. సాధ్యం కానిది చరిత్రకు మిగలలేదు. ఇండోర్ పోరాట క్రీడల ఫొటోలను చరిత్ర ఆధారాలుగా చదవాలంటే మొదట భౌతికశాస్త్రం చదవాలి. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే. దీనికి నేను ఎంచుకున్న నగరం 2001 నుంచి అధికారికంగా కోల్‌కతాగా పిలుస్తున్న కలకత్తా.

ఎందుకు కలకత్తా అంటే, మన దేశంలో కెమెరా, కుస్తీ, బాక్సింగ్ మూడూ బాగా వేళ్లూనుకున్న నగరం అది. 1840కే అక్కడి పత్రికల్లో డాగ్యురోటైప్ కెమెరాల ప్రకటనలు వచ్చాయి. 1856లో బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. 1867లో కలకత్తాలో స్టూడియో తెరిచిన బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థ 2016 వరకు నడిచింది. మరోవైపు ఉత్తర కలకత్తాలో గుహ కుటుంబం వారి తాలింఖానా ఉండేది. అంబికాచరణ్ గుహ 19వ శతాబ్దంలో నెలకొల్పిన ఆ తాలింఖానా వారసుడే గోబర్ గుహగా పేరొందిన జతీంద్రచరణ్ గుహ. ఆయన 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడ్ శాంటెల్‌ను ఓడించి ప్రపంచ లైట్ హెవీవెయిట్ బిరుదు గెలిచాడు. బాక్సింగ్ సంగతికి వస్తే, ఇంగ్లండులో చదువుకుంటూ అక్కడే పేరు తెచ్చుకుని, తిరిగి వచ్చి కలకత్తా యువకులకు ఆ విద్య నేర్పిన పరేశ్‌లాల్ రాయ్‌ను భారత బాక్సింగ్ పితామహుడంటారు.

మన తెలుగువాడి అడుగు కూడా ఆ నగరంలో పడింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు తన సర్కస్‌తో కలకత్తా వెళ్లినప్పుడు భవేంద్రమోహన్ సాహా అనే బెంగాలీ యువకుడు ఆయన బలప్రదర్శన చూసి ముగ్ధుడై సర్కస్‌లో చేరిపోయాడు. తరవాతి కాలంలో భీమ్ భవానీగా ప్రసిద్ధుడైంది అతనే. రామమూర్తి ప్రదర్శనల్లో రెండింటిని తీసుకోండి. ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకోవడం కొన్ని క్షణాల పాటు కదలకుండా సాగే దృశ్యం. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం రెప్పపాటులో ముగిసే దృశ్యం. సర్కస్ గుడారంలో, ఆనాటి దీపాల కింద, కెమెరాకు చిక్కే అవకాశం మొదటిదానికే ఉంది.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మిట్టమధ్యాహ్నపు ఎండలో నేల మీద పడే వెలుగు సుమారు 1,00,000 లక్సులు. మంచి దీపాలున్న ఇండోర్ హాల్లో బరి మీద 500 లక్సులు ఉన్నాయనుకుందాం. అంటే ఎండతో పోలిస్తే 200వ వంతు. మన కంటికి ఆ తేడా తెలియదు. కనుపాప విచ్చుకుంటుంది, రెటీనా సర్దుకుంటుంది, 'హాలు వెలిగిపోతోంది' అనుకుంటాం. ఫిల్ముకు అలా సర్దుకునే గుణం లేదు. దానికి లెక్కప్రకారం అందాల్సిన కాంతి అందాల్సిందే.

ఎండలో 100 వేగం గల ఫిల్ముకు లెన్సు రంధ్రం ఎఫ్ 16 దగ్గర ఉంచి, షట్టర్‌ను సెకనులో 100వ వంతు తెరిస్తే సరిపోతుంది. హాల్లోకి వచ్చి రంధ్రాన్ని ఎఫ్ 2.8 దాకా పెద్దది చేస్తే సుమారు 32 రెట్లు ఎక్కువ కాంతి వస్తుంది. మనకు కావలసింది 200 రెట్లు. మిగిలిన 6 రెట్లను సమయంతోనే పూడ్చాలి. అంటే షట్టర్ సెకనులో 16వ వంతు తెరిచి ఉండాలి. మామూలు మాటల్లో ఇది చాలా తక్కువ సమయం. కానీ బాగా సాధన చేసిన బాక్సర్ పిడికిలి సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. సెకనులో 16వ వంతులో అది 56 సెంటీమీటర్లు కదులుతుంది. ఫొటోలో పిడికిలి ఉండదు, మంచుపొగ లాంటి ఒక చార ఉంటుంది. 60వ వంతులో 15 సెంటీమీటర్లు, 500వ వంతులో 1.8 సెంటీమీటర్లు. గ్లవ్ మీది కుట్లు కనబడాలంటే 500వ వంతైనా కావాలి. అదే హాల్లో, అదే లెన్సుతో అంత వేగంగా తీయాలంటే ఫిల్ము వేగం 100 కాదు, 3200 ఉండాలి. 1950ల దాకా అలాంటి ఫిల్ము ఊహకు కూడా అందనిది.

కాబట్టి తొలితరం వారు తెలివిగా పోరాటాన్నే ఎండలోకి తీసుకెళ్లారు. 1887లో వెలువడిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ చిత్రమాలికలో బాక్సర్లు, మల్లులు ఉన్నారు. అవి ఫిలడెల్ఫియాలో ఆరుబయట ఎండలో తీసినవి. ఎడిసన్ బృందం 1894లో బాక్సింగ్‌ను చలనచిత్రంగా తీసినప్పుడు స్టూడియో పైకప్పు తెరిచి పెట్టారు. సూర్యుడు జరిగేకొద్దీ ఆ గది మొత్తాన్ని పట్టాల మీద తిప్పుకునే ఏర్పాటు కూడా ఉంది! ఎండను నమ్ముకోకుండా ఇంటి కప్పు కింద జరిగిన పెద్ద బాక్సింగ్ పోరును విజయవంతంగా చిత్రించింది 1899 నవంబరులో. న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో జెఫ్రీస్, షార్కీల 25 రౌండ్ల పోరు కోసం బరి మీద దాదాపు 400 ఆర్క్ దీపాలు వేలాడదీశారు. ఆ వేడికి బాక్సర్ల తలలు మాడిపోయాయని అప్పట్లో చెప్పుకున్నారు.

అదే 1899లో, ఏప్రిల్ నెలలో, కలకత్తాలో ఇమాంబాగ్ లేన్‌లో తొలి విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. రెండు నగరాలకూ కరెంటు ఉంది. కానీ ఒకచోట 400 ఆర్క్ దీపాలు, మరోచోట వీధులకు, కొన్ని ఇళ్లకు, కార్యాలయాలకు మాత్రమే దీపాలు. గోబర్ గుహ పెరిగిన కాలం ఇది. కప్పు కింద, నూనె పసుపు కలిపిన మట్టి గోదాలో, తెల్లవారుజామున జరిగే కుస్తీకి ఎవరు ఆర్క్ దీపాలు వేస్తారు? అందుకే వస్తాదు పట్టు ఎలా పట్టేవాడో మనకు శిష్యుల మాటల్లో మిగిలింది. ఎలా నిలబడేవాడో మాత్రం ఫొటోలో మిగిలింది. నా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు. వంద సంవత్సరాల తరవాత పుట్టిన పిల్లలు 'పహిల్వాన్ అంటే కండలు చూపించుకునేవాడు' అనుకోవడానికి అదీ ఒక కారణమే. చురుకుదనాన్ని పట్టుకోలేని కెమెరా కండలను పట్టుకుంది.

వెలుగు లేకపోతే వెలిగించుకోవచ్చు కదా అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. పాఠశాల ప్రయోగశాలలో మెగ్నీషియం తీగను మండించినప్పుడు కళ్లు జిగేల్‌మనడం మీకు తెలుసు. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడికి ఆక్సీకరణులు కలిపి 'మెరుపు పొడి' తయారు చేశారు. ఒక్క భగ్గుతో గది మొత్తం పట్టపగలయ్యేది. దాంతోపాటు తెల్లటి పొగ, మంట, ఒక్కోసారి ప్రమాదం. రెండో ఫొటో తీయాలంటే పొగ పోయేదాకా ఆగాలి. పోరు మధ్యలో బాక్సర్ కళ్ల ముందు ఆ పని చేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. 1929లో జర్మనీలోనే గాజు బల్బులో ఆక్సిజన్ నింపి అల్యూమినియం రేకు మండించే ఫ్లాష్ బల్బు వచ్చింది. పొగ బాధ తప్పింది. కానీ ఒక బల్బు ఒక్కసారికే. కాలిపోయిన బల్బు తీసి కొత్తది పెట్టేలోగా పోరు ముగిసిపోవచ్చు. 1930లలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ కెపాసిటర్‌లో నిల్వ చేసిన విద్యుత్తును వాయువు నింపిన గొట్టంలోకి ఒక్కసారిగా వదిలే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను అభివృద్ధి చేశాడు. వెలిగే సమయం సెకనులో వేలవంతు కన్నా తక్కువ. ఇక్కడ షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందన్నది ముఖ్యం కాదు, వెలుగే క్షణకాలం ఉంటుంది. కదిలే పిడికిలి మొదటిసారి స్పష్టంగా ఆగింది.

ఈ ఫ్లాష్‌కు ఒక దోషం ఉంది. పాత ఫొటోలు చదివేటప్పుడు దాన్ని మరవకూడదు. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని తొమ్మిదో, పదో తరగతిలోనే చదివి ఉంటారు. కెమెరా దగ్గరి ఫ్లాష్‌కు బాక్సర్లు 3 మీటర్ల దూరంలో, ఎదుటి వరస ప్రేక్షకులు 9 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. ప్రేక్షకులకు అందే వెలుగు తొమ్మిదో వంతు. వారి వెనక వారికి ఇంకా తక్కువ. అందుకే పాత బాక్సింగ్ ఫొటోల్లో ఇద్దరు మనుషులు అంతులేని చీకట్లో ఒంటరిగా కొట్టుకుంటున్నట్టు కనిపిస్తారు. నిజానికి ఆ చీకట్లో వేలమంది అరుస్తూ ఉంటారు! 1959లో కలకత్తాలో దారాసింగ్ జార్జ్ గార్డియెంకోను ఓడించి కామన్వెల్త్ విజేత అయినప్పుడు ఎంత జనం కేకలు వేశారో ఊహించుకోండి. ఆ తరం ఫ్లాష్ ఫొటోలు చూసి 'జనం రాలేదు' అని రాసే చరిత్రకారుడు తప్పులో కాలేసినట్టే.

కలకత్తా శాస్త్రవేత్తలకు, కళాకారులకు మసక వెలుగుతో పని చేయడం కొత్తకాదు. కొంచెం దారి మళ్లుతున్నాను, మన్నించండి. బౌబజార్‌లోని భారత వైజ్ఞానిక సంఘం ప్రయోగశాలలో 1928 ఫిబ్రవరి 28న సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ గమనించిన కొత్త వికిరణం ఎంత క్షీణమైనదంటే, దాని వర్ణపటం ఫొటో ప్లేటు మీద నమోదు కావడానికి గంటల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి వచ్చేది. ద్రవం కదిలిపోదు కాబట్టి ప్లేటు ఓపిక పట్టింది. అదే నగరంలో మల్లుడి చేయి అరక్షణం కూడా ఆగదు. వెలుగు కొరత రెండు చోట్లా ఒకటే, తేడా అంతా కాలంలో ఉంది. ఇక సత్యజిత్ రాయ్ 1956లో తీసిన 'అపరాజితో' కోసం కాశీ ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలోనే కట్టారు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన తెల్ల గుడ్డ పరిచి, దీపాలను దాని మీదికి తిప్పి, అక్కడి నుంచి కిందికి పడే మెత్తటి వెలుగుతో ఆకాశపు వెలుగును సృష్టించాడు. ఆ సెట్‌కు బాక్సింగ్ బరి సరిగ్గా తలకిందులు. బరిలో దీపాలు నేరుగా నడినెత్తిన ఉంటాయి. నుదురు మెరుస్తుంది, కళ్లు గుంటల్లో చీకటిగా ఉండిపోతాయి. అక్కడ మిత్ర గుడ్డ చేసిన పనిని కొంతవరకు బరి కింద పరిచే లేతరంగు కాన్వాసు చేస్తుంది. అది పైకి విసిరే వెలుగే బాక్సర్ కళ్లను చూపిస్తుంది. అనుభవమున్న ఫొటోగ్రాఫర్లు బరి అంచున, కింది తాడుకు సమానంగా కూర్చోవడానికి ఇది ఒక కారణం.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. 1990లలో కలకత్తాలో చదువుకునే రోజుల్లో ఒక సాయంత్రం అంతర కళాశాలల బాక్సింగ్ పోటీ చూడడానికి మిత్రుడితో వెళ్లాను. పాత హాలు, ఎత్తైన కప్పు, వరసగా ట్యూబ్‌లైట్లు. అద్దెకు తెచ్చిన కెమెరా, దానికి ఎఫ్ 2 లెన్సు, 400 వేగం గల 36 ఫొటోల రీలు. భౌతికశాస్త్ర విద్యార్థిని కదా, నాకేం తెలియదన్న ధీమా. ఫ్లాష్ వద్దన్నారు, అది న్యాయమే. మీటరు సెకనులో 60వ వంతు చూపించింది. అంటే హాల్లో 250 లక్సులే ఉన్నాయన్నమాట. పిడికిలి 15 సెంటీమీటర్లు చెదిరిపోతుందని ఆ క్షణంలో లెక్క వేసుకోలేదు. 36 ఫొటోలూ తీసేశాను. ఆ రీలు సంగతి చివర్లో చెబుతాను.

నాకు తెలియని రహస్యం అనుభవజ్ఞులకు తెలుసు. కదిలే ప్రతి వస్తువూ దిశ మార్చుకునేటప్పుడు ఒక క్షణం ఆగుతుంది. పైకి విసిరిన బంతి శిఖరాన ఆగినట్టే, పిడికిలి కూడా దెబ్బ తగిలి వెనక్కి మళ్లే చోట ఆగుతుంది. మల్లుడు ఎత్తిన ప్రత్యర్థి గాలిలో తిరగబడే ముందు ఆగుతాడు. ఆ క్షణానికి గురిపెడితే 60వ వంతులో కూడా బొమ్మ నిలుస్తుంది. దానికి కెమెరా పరిజ్ఞానం చాలదు, ఆట తెలియాలి. దెబ్బ చూసి మీట నొక్కితే ఆలస్యమైపోతుంది. భుజం కదిలినప్పుడే చేయి ఎక్కడ ఆగుతుందో ఊహించాలి.

ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధమైన బాక్సింగ్ ఫొటోను ఒకసారి ఈ కళ్లతో చూడండి. 1965 మే 25న అమెరికాలోని లూయిస్టన్‌లో సోనీ లిస్టన్ నేలమీద పడి ఉంటే మహమ్మద్ అలీ పైన నిలబడి చేయి మడిచి గర్జిస్తుంటాడు. తీసిన నీల్ లీఫర్‌కు అప్పుడు 22 ఏళ్లు. బరి పైన బిగించిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌లు ఒకసారి వెలిగితే తిరిగి ఛార్జి కావడానికి కొన్ని సెకన్లు పట్టేవి. అందువల్ల ఒక్క ఫొటోకే అవకాశం. ఆ ఫొటోలో అలీ కాళ్ల మధ్య నుంచి మరో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. అతను హెర్బ్ షార్ఫ్‌మన్, ఆ క్షణంలో తప్పు వైపున కూర్చున్నాడు పాపం. మరో విషయం గమనించారా? ఆ ఫొటోలో దెబ్బ లేదు. దెబ్బ తరవాత నిలబడిన మనిషి ఉన్నాడు.

తిరిగి కలకత్తాకు వద్దాం. 1954లో కోడాక్ సంస్థ 35 మిల్లీమీటర్ల కెమెరాలకు ట్రై-ఎక్స్ ఫిల్మును తెచ్చాక ఫ్లాష్ లేకుండా హాళ్లలో తీయడం కొంత సాధ్యమైంది. 400 వేగం ఫిల్మును 1600గా భావించి తీసి, రసాయనాల్లో ఎక్కువసేపు ఉంచేవారు. బొమ్మ వచ్చేది, కానీ ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చేది. 1975 ఫిబ్రవరిలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీల కోసం ఈడెన్ గార్డెన్స్ పక్కన నేతాజీ ఇండోర్ స్టేడియం సిద్ధమైంది. అదే ఏడాది ఆగస్టు 9న కలకత్తా దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఈ రెండూ ఒకే ఏడాది రావడం కాకతాళీయమే కావచ్చు. కానీ ఇండోర్ క్రీడల ఫొటోల చరిత్రలో టెలివిజన్ పాత్ర పెద్దది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి మన దేశానికి రంగుల టీవీ వచ్చింది. రంగుల కెమెరాకు ధారాళమైన వెలుగు కావాలి. టీవీ కోసం పెంచిన దీపాల కింద పక్కన కూర్చున్న ఫొటోగ్రాఫర్ కూడా లాభపడ్డాడు.

కొత్త దీపాలు కొత్త చిక్కు తెచ్చాయి. మన ఏసీ విద్యుత్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, మెటల్ హేలైడ్ దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచుకుని తగ్గించుకుంటాయి. కన్ను పసిగట్టదు. 100వ వంతు షట్టర్‌లో ఒక పూర్తి ఆవృతి పడుతుంది కాబట్టి చిక్కు లేదు. 500వ వంతులో అందులో ఐదోవంతు ముక్కే పడుతుంది. అది శిఖరమైతే ఫొటో తెల్లగా, లోయ అయితే పచ్చటి మసకగా వస్తుంది. వరసగా తీసిన పది ఫొటోల్లో పది రకాల ఛాయలు! దీపం శిఖరానికి చేరినప్పుడే షట్టర్ తెరిచే ఏర్పాటు 2014లో కానన్ 7డి మార్క్ 2 కెమెరాతో వచ్చింది.

ఈలోగా ఫిల్మే పోయి సెన్సర్ వచ్చింది. 1969లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీకి 2009లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. 3200 వేగం ఇప్పుడు మామూలు కెమెరాకు కూడా మామూలే. అయితే సెన్సర్ ప్రకృతి నియమాన్ని దాటలేదు. వాన చినుకులు పక్కపక్కన ఉన్న గిన్నెల్లో సమానంగా పడనట్టే, ఫోటాన్లు కూడా ప్రతి గడిలో సమానంగా పడవు. సగటున 10,000 పడేచోట హెచ్చుతగ్గు సుమారు 100, అంటే ఒక శాతం. 100 మాత్రమే పడేచోట హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. మసక ఫొటోలో కనిపించే చుక్కల గోలకు చాలావరకు కారణం కెమెరా లోపం కాదు, కాంతి స్వభావం.

కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లో ఈ తరం అమ్మాయిలు బాక్సింగ్ నేర్చుకుంటున్నారు. వారి ఫొటోలు వెతికి చూడండి. గ్లవ్ తగిలి విదిలిన చెమట చుక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయినప్పటి ఫొటోలూ అంతే. ఆమె పంచ్ విసిరేటప్పుడు పాదం ఎలా తిప్పుతుందో రేపటి విద్యార్థి ఫొటో చూసి నేర్చుకోగలడు. గోబర్ గుహ పట్టు గురించి మనకు ఆ అదృష్టం లేదు.

ఇక నా రీలు. కడిగించి చూస్తే 35 ఫొటోల్లో చేతులు లేవు. మొండేల పక్కన పొగ చారలున్నాయి. ఒక్కటే చక్కగా వచ్చింది. రౌండ్ల మధ్య విరామంలో ఒక కుర్రాడు మూలన స్టూలు మీద కూర్చున్నాడు. గ్లవ్స్ రెండూ తొడల మీద, కనుబొమ పైన చిన్న గాటు, చూపు ఎదుటి మూల వైపు. ఇప్పటికీ నా బల్ల అరలో ఉంది. ఆ రోజు అతను ఎంత చురుగ్గా ఆడాడో నాకు గుర్తుంది. ఫొటో మాత్రం అతను ఒక స్టూలు మీద కూర్చున్నాడని మాత్రమే చెబుతుంది.